ఊడ్చిన తోటలో కాయ లేదు



ఇది కాస్త పెద్ద పోస్టు. ఇందులో నా గొప్పేమీ లేదు, నా తెలివితక్కువతనమే ఎక్కువ. కొబ్బరిలో కోకో వేసినవాళ్లు, వేద్దామనుకుంటున్నవాళ్లు ఓపిగ్గా చదవండి. నాకు ఆరేళ్లు పట్టిన సంగతి మీకు పావుగంటలో తెలిసిపోతుంది.

2024 వేసవి గుర్తుందిగా. ఐవరీకోస్ట్, ఘనా దేశాల్లో కోకో పంట దెబ్బతింది. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఆ రెండు దేశాలదే. అక్కడ పంట పోయేసరికి ఇక్కడ మన ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దరిదాపులకి వెళ్లింది. రెండొందల చిల్లరకి అమ్ముకున్న రోజులు మనమింకా మరిచిపోలేదు. టీ కొట్టు దగ్గర ఎవరి నోట విన్నా కోకో మాటే. మా పక్క తోట బాబాయ్ ఆ డబ్బుతో డాబా మీద గది వేశాడు.

నా దగ్గర అమ్మడానికి గింజ లేదు.

చెట్లు లేక కాదు. నాలుగెకరాల కొబ్బరిలో ఎనిమిది వందల దాకా కోకో చెట్లున్నాయి. పూత లేకా కాదు. మొదలు నుంచి పెద్ద కొమ్మల దాకా బెరడు కనపడకుండా పూసేది. పొద్దున్నే చూస్తే కడుపు నిండిపోయేది. మర్నాడు సాయంత్రానికి ఆ పూలన్నీ నేల మీద ఉండేవి. నేల శుభ్రంగా ఉండేది కాబట్టి, ఓపికుంటే రాలిన ప్రతి పువ్వూ లెక్కపెట్టుకోవచ్చు. ఆ శుభ్రం గురించే ఈ పోస్టు.

మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి నీడన కోకో వెయ్యడం 1990ల్లో మొదలైంది. మా నాన్నగారు ఆలస్యంగా, 2006లో వేశారు. ఆయన తోట చేసే పద్ధతి నాకెప్పుడూ నచ్చేది కాదు. కొబ్బరి దింపు అయ్యాక మట్టలు ఎక్కడివక్కడే. కోకో కాయలు కోయించి, చెట్ల కిందే పగలగొట్టించి, గింజ బుట్టలోకి, డొక్కలు అక్కడే. మధ్యమధ్యలో అరటి. గెల కొట్టాక బోదె నరికి అక్కడే పడేసేవారు. వానాకాలంలో అడుగేస్తే చెప్పు కూరుకుపోయేది. అదో పులిసిన వాసన. మొహం చుట్టూ నుసుములు.

చూడవచ్చినవాళ్లు "ఇది తోటాండీ, అడివాండీ?" అనేవారు. నాన్నగారు నవ్వేసి ఊరుకునేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

2018లో మోకాళ్లు పట్టేసి ఆయన తోటకి రావడం తగ్గించారు. తోట నా చేతికొచ్చింది. మొదటి నెలలోనే నేను చేసిన పని చెత్తంతా ఏరించడం. మట్టలు కట్టలు కట్టించి పొయ్యిలకి పంపేశాను. ఆకంతా ఊడ్పించి గట్టు మీద కాల్పించాను. డొక్కలు ట్రాక్టరు పెట్టి బయటికి తోలించాను. అరటి తీయించేశాను. గడ్డికి మందు కొట్టించాను. తోట ఇంటి వాకిలిలా తయారైంది, కల్లాపి జల్లి ముగ్గెయ్యడమే తరువాయి. అప్పుడు అదే జనం "అబ్బాయొచ్చాక తోటకి కళొచ్చిందండీ" అన్నారు. నేను పొంగిపోయాను. నాన్నగారు మాత్రం ఏమీ అనలేదు. గట్టు మీద పొగ లేస్తుంటే కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయారు.

దానికి తోడు తెల్లదోమ. 2016లో తమిళనాడులో పొల్లాచ్చి వైపు కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ చూస్తూండగానే మన కడియం వైపుకీ వచ్చేసింది. అక్కణ్ణుంచి కోనసీమంతా పాకింది. కొబ్బరాకు అడుగున చుట్టలు చుట్టలుగా తెల్లటి గుడ్లు, పురుగు నుంచి కారే తియ్యటి జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. పైన కొబ్బరికి పడితే కింద కోకో ఆకులూ నల్లబడ్డాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు అప్పటికీ చెబుతూనే ఉన్నారు. రసాయన మందులు కొట్టొద్దు, ఈ తెల్లదోమ లోపల గుడ్డు పెట్టి దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న పురుగు మన తోటల్లోనే ఉంది, మందు కొడితే ముందు అదే చస్తుంది అని. కావాలంటే ఐసేరియా అనే బూజు మందు వాడమన్నారు. నేను వినలేదు. మనకి దోమ అంటే ఒకటే లెక్క కదా. వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, కొబ్బరిలో తెల్లదోమ, కోకోలో టీ దోమ. పేరులో దోమ ఉందంటే మందు పడాల్సిందే. పవర్ స్ప్రేయరు పెట్టి కొబ్బరికీ కోకోకీ కలిపి ఏడాదికి మూడు నాలుగుసార్లు కొట్టించాను.

2019లో కాయ తగ్గింది. ఆ తర్వాతి ఏడాది ఇంకా తగ్గింది. మొదట వాతావరణం అనుకున్నాను. తర్వాత ఎరువు అనుకున్నాను. పొటాష్ పెంచాను, బోరాన్ కొట్టాను, కొట్లో ఏ టానిక్కు చూపిస్తే అది తెచ్చాను. పూత ఇంకా విరగబూసింది. కాయ రాలేదు. పెరిగింది మందుల కొట్టు బాకీ ఒక్కటే.

ఒక మిత్రుడు "పరాగ సంపర్కం జరగట్లేదేమోరా, తేనెపెట్టెలు పెట్టి చూడు" అన్నాడు. మాట సబబుగానే ఉంది. నాలుగు పెట్టెలు తెచ్చి పెట్టాను. తేనెటీగలు తెల్లారగానే బయల్దేరి సరాసరి పైకి, కొబ్బరి పూగెలల మీదికి వెళ్లిపోయేవి. కింద అంత పూత పూసిన కోకో మీద ఒక్కటి వాలితే ఒట్టు. తేనె బాగానే వచ్చింది. కాయ రాలేదు.

అలాంటప్పుడొచ్చింది 2024 ధర. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన నెల కూడా అదే. తోటలోకి వెళ్తే ఒళ్లు మండిపోయేది. ఎండు గింజ కిలో కావాలంటే పాతిక కాయలు అటూ ఇటుగా కావాలి. మొత్తం ఎనిమిది వందల చెట్ల మీద నాకు నాలుగు బస్తాల కాయలు కూడా లేవు. ఈ తద్దినం ఎందుకని, కాలవలు వదిలేలోగా కోకో అంతా కొట్టించేసి అరటి వేద్దామని నిర్ణయించుకున్నాను. కోత మిషను అతనితో రేటు కూడా మాట్లాడేశాను.

మా తోటలో నాన్నగారి కాలం నుంచి పనిచేస్తున్న పెద్దామె ఒకావిడ ఉంది. నేను అత్తా అంటాను, తను అబ్బాయిగారూ అంటుంది. కాయ కొయ్యడం, పగలగొట్టడం, గింజ పులియబెట్టడం అంతా ఆవిడ చేతి మీదే. చెట్లు కొట్టిస్తున్నానని తెలిసి వచ్చింది.

"అన్నీ కొట్టించేత్తారా అబ్బాయిగారూ? మోటారు షెడ్డు ఎనకాల సెట్లు కూడానా?"

"ఏం, వాటికేమన్నా బంగారం కాస్తోందా?"

"కాత్తన్నాయి కదండీ మరి. ఎప్పుడన్నా ఎల్లి సూశారా?"

చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ మూలకి నేను వెళ్లను. అదో పల్లం. ట్రాక్టరు దిగదు, స్ప్రేయరు పైపు అందదు. ఎక్కడెక్కడ ఊడ్చిన చెత్తా చివరికి అక్కడికే చేరేది. అత్త కాయలు పగలగొట్టేది కూడా ఆ నీడలోనే, డొక్కలు పారేసేదీ ఆ పల్లంలోనే. నేను చూడనని ధైర్యం.

వెళ్లి చూశాను. పల్లం చుట్టూ ఓ పాతిక ముప్పై చెట్లుంటాయి. కాండాన్ని పట్టుకుని కాయలున్నాయి. పండి పసుపెక్కినవి, పచ్చివి, వేలంత పిందెలు. అక్కణ్ణుంచి ఓ పది వరసలు ఇవతలికొస్తే ఏమీ లేదు. ఒకేరోజు నాటిన మొక్కలు. నీరు ఒకటే. ఎరువంటారా, ఆ మూలకి సరిగా వేయించింది కూడా లేదు.

"ఎందుకంటావ్ అత్తా?"

"నాకేం తెల్సండీ. కుళ్లు దగ్గర కాత్తంది. మీ నాన్నగారప్పుడు తోటంతా కుళ్లే కదండీ, ఆయ్."

ఆ రాత్రి కోకో పువ్వు గురించి చదవడం మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్లుగా మా తోటలో ఉన్న చెట్టు పువ్వుని ఒక్కసారైనా దగ్గరగా చూడలేదని అప్పుడు తెలిసొచ్చింది.

మీరూ రేపు పొద్దున్న ఒక పువ్వు కోసి అరచేతిలో పెట్టుకుని చూడండి. రూపాయి బిళ్ల కంటే చిన్నది. అయిదు రేకులు. ఒక్కో రేకు మొదట్లో బోర్లించిన గిన్నెలాంటి చిన్న గూడు ఉంటుంది. పుప్పొడి ఆ గూట్లో దాక్కుంటుంది. మధ్యలో పుప్పొడి చేరాల్సిన చోటు, దాని చుట్టూ ఎర్రటి ముళ్లకంచెలా అయిదు పోగులు నిలబడి ఉంటాయి. ఆ పోగులు వట్టివి, వాటికి పుప్పొడి ఉండదు. అంటే ఇవ్వాల్సింది గూట్లో ఉంది, పుచ్చుకోవాల్సింది కంచెలో ఉంది. పుప్పొడి జిగురుగా ఉంటుంది కాబట్టి గాలికి లేవదు. తేనెటీగ తల ఆ గూట్లో పట్టదు.

పట్టేది ఒక చిన్న దోమకి. అవునండీ, దోమే. శాస్త్రవేత్తలు ఫోర్సిపోమియా అంటారు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, నువ్వుగింజ కంటే చిన్నదని లెక్కేసుకోండి. మనం నుసుములని కలిపి పిలిచే వాటిలో ఇదీ ఒకటి. కళ్ల ముందు తిరిగితే చేత్తో విసురుతామే, ఆ జాతి. కంచె పోగుల మీదా గూళ్లలోనూ పాకుతూ ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఇంకో పువ్వుకి వెళ్తుంది.

దీని పని ఎంత కష్టమో చూడండి. కోకో పువ్వు తెల్లారేసరికి పూర్తిగా విచ్చుకుంటుంది. ఆ రోజు, మహా అయితే మర్నాడు. ఆలోగా పుప్పొడి అందకపోతే రాలిపోతుంది. ఒక కాయలో ముప్పై నలభై గింజలుంటాయి కదా. ఒక్కో గింజ తయారవ్వాలంటే ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. ఆ నలుసంత ప్రాణి అన్ని రేణువులు మోసుకురావాలి. పైగా చాలా కోకో చెట్లకి తన పుప్పొడి తనకి పనికిరాదు. మనం ఒకే గోత్రంలో సంబంధం కలుపుకోనట్టే, వేరే చెట్టుది కావాలి. కాబట్టి దోమ ఒక చెట్టు మీదే తిరిగితే చాలదు. అన్నీ కుదిరిన తోటలోనే వంద పూలకి అయిదు కాయలవడం గొప్ప. నేను ఆ అయిదింటినీ కూడా ఊడ్చేసుకున్నాను.

ఎలాగంటారా. ఈ దోమ గుడ్లు పెట్టేది తడిగా కుళ్లుతున్న ఆకులో, కోకో డొక్కలో, అరటి బోదెలో. దాని పిల్ల పురుగు ఆ కుళ్లులోనే తిని పెరుగుతుంది. కుళ్లు ఆరిపోతే పురుగు చస్తుంది. అసలు కుళ్లే లేకపోతే పుట్టనే పుట్టదు. ఆకు కాల్చాను, డొక్క తోలించాను, అరటి తీయించాను. ఎక్కడో మిగిలినవాటి మీద తెల్లదోమ పేరు చెప్పి మందు కొట్టాను. తర్వాత చెట్టుకి బోరాన్ పెట్టి కాయలెందుకు రావట్లేదని అడిగాను.

కోకో పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవి. అక్కడ పెద్ద చెట్ల నీడలో ఎదిగే చిన్న చెట్టు ఇది. పైన నీడ, కింద ఏడాది పొడుగునా తడి ఆరని ఆకుచెత్త. మన దేశానికి 1798లోనే ఈస్టిండియా కంపెనీ వాళ్లు అంబోయినా దీవి నుంచి తెచ్చి తమిళనాడులో కుర్తాళం దగ్గర నాటించారు. చెట్టు అలా ఓడెక్కి వచ్చింది గానీ అమెజాన్ దోమ దాంతోపాటు రాలేదు. ఇక్కడి చెత్తలో ముందునుంచీ ఉన్న దాని దాయాదులే ఆ పని అందుకున్నాయి. పెళ్లికూతురు పరాయి దేశానిదైనా పురోహితుడు మన ఊరివాడేనన్నమాట.

అప్పుడర్థమైంది నాకు, కొబ్బరి తోటలో కోకో ఎందుకు నప్పిందో. పై అంతస్తులో కొబ్బరి, కింది అంతస్తులో కోకో, నేల మీద చెత్త. అడవిలో ఉన్నట్టే మూడంతస్తులు. నేను కింది అంతస్తు కూలగొట్టి పైరెండూ నిలబడాలనుకున్నాను. "ఇది తోటాండీ, అడివాండీ" అని నవ్వినవాళ్లు తెలియకుండానే నిజం చెప్పారు.

ఇది అత్తా నేనూ కనిపెట్టిందేమీ కాదు. 1980ల్లోనే కోస్టారికా దేశంలో అలెన్ యంగ్ అనే ఆయన కోకో తోటల్లో అరటి బోదెల్ని బిళ్లలుగా కోసి నేల మీద వేయించి, వాటిలో ఈ దోమలు ఎలా పెరుగుతున్నాయో లెక్కలు తీశాడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో ఫోర్బ్స్, నార్త్‌ఫీల్డ్ అనే ఇద్దరు చెట్ల కింద కోకో డొక్కలు వేసి చూశారు. వేసిన చోట కాయ ఎక్కువ పట్టింది. పురుగుల్ని తినే జీవులకీ ఆ డొక్కలు ఆసరా అయ్యాయి. వాళ్ల వ్యాసం 2017లో అచ్చైంది. సరిగ్గా ఆ మర్నాటి ఏడాదే నేను డొక్కల్ని ట్రాక్టరెక్కించాను.

ఈ సంగతి చెబుదామని జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో ఉండే మా బావకి ఫోన్ చేశాను. ఆయనది పామాయిల్. "నీకిప్పుడు తెలిసిందా బావా? మా తోట నడిచేదే పురుగు మీద. ఒకసారి రా" అన్నాడు.

వెళ్లాను. విచ్చుకున్న మగ పూగెల దగ్గరికి తీసుకెళ్లి దాన్ని చేత్తో తట్టాడు. గుప్పుమని సోంపు వాసన. ముక్కు పొడుగ్గా ఉన్న చిన్న చిన్న నల్లటి పురుగులు వందలకొద్దీ లేచాయి. పామాయిల్ చెట్టు కూడా ఆఫ్రికా అడవులదే. మలేషియా వాళ్లు పెద్ద పెద్ద తోటలు వేశారు గానీ పురుగుని తెచ్చుకోలేదు. ఏళ్ల తరబడి కూలీలతో పుప్పొడి చల్లించుకున్నారు. చివరికి 1981లో కామెరూన్ దేశం నుంచి ఈ పురుగుని తెచ్చి వదిలితే చేత్తో చల్లే పని ఆగిపోయింది. మన దేశంలో కేరళకి 1985లో తెచ్చారు. ఇవాళ పెదవేగిలో పామాయిల్‌కి జాతీయ పరిశోధన సంస్థ ఉందన్నా, మెట్టలో ఇన్ని వేల ఎకరాల్లో గెల దిగుతోందన్నా దాని వెనక ఈ పురుగుంది.

అందులో తమాషా ఏంటంటే, ఈ పురుగుకి తిండీ కాపురమూ మగ పువ్వులోనే. ఆడ పువ్వులో దానికేమీ దొరకదు. కానీ ఆడ పువ్వూ అదే సోంపు వాసన వేస్తుంది. వాసన చూసి ఆశపడి వస్తుంది, పుప్పొడి దులిపేసి ఉత్తచేతుల్తో పోతుంది. గుడ్లు పెట్టేది వాడిపోతున్న మగ పూగెలలో. "అందుకే ఎండిన మగ గెల అసయ్యంగా ఉన్నా కొట్టనివ్వను బావా. అదే వాటి పురిటిగది" అన్నాడు.

పనస జాతిలోనూ ఇలాంటిదొకటి ఉందని చదివాను. బోర్నియో అడవుల్లో మన పనసకి దగ్గర చుట్టమైన చెట్టు మగ పూల మీద బూజు పెరుగుతుంది. ఆ బూజు తినడానికి వచ్చే చిన్న దోమలే పుప్పొడి మోసి కాయ పట్టిస్తాయి. మనకి బూజు, కుళ్లు, ఎండు అని కనబడేదంతా ఎవరికో ఇల్లు. ఆ ఇల్లున్నచోటే మనకి కాయ.

సరే, తర్వాత ఏం చేశానో చెప్తాను. కోత మిషను అతనికి బయానా వదులుకున్నాను. ఆ వానాకాలం నుంచి ఆకు ఊడ్చడం ఆపేశాను. కాయలు మళ్లీ చెట్ల కిందే పగలగొట్టిస్తున్నాను. ఒకేచోట కాదు, కోతకోతకీ చోటు మారుస్తున్నాం. రావులపాలెం వైపు అరటి రైతులు గెల కొట్టాక బోదెలు వదిలించుకోవడానికి చూస్తుంటారు. ట్రక్కు కిరాయి పెట్టుకుని తెచ్చి, జానెడు ముక్కలుగా కోయించి వరసల మధ్య పరిపించాను. కొబ్బరికి రసాయన మందు ఆపేశాను. తెల్లదోమ పోలేదు, ఉంది. కానీ చెట్టు చావట్లేదు. ఎన్‌కార్సియా తిన్న గుల్లలు ఆకు అడుగున కనబడుతున్నాయి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చెత్త ఎండిపోకుండా బోరు నీళ్లు కాస్త తడుపుతున్నాను. చెత్త ఉండి తడి లేకపోతే దోమకి ఉపయోగం లేదు.

తప్పులు కూడా చెప్పాలి. మొదటి ఉత్సాహంలో అన్నీ ఒకేచోట నిలువెత్తు గుట్ట పోయించాను. మూణ్ణెల్లకి తిరగేస్తే బొటనవేలంత తెల్లటి కొమ్ముపురుగు పిల్లలు. కొబ్బరి మొవ్వు తినే పురుగుకి నేనే పురుడు పోశాను. అందుకని గుట్ట వద్దు, పలచగా పరవండి. పశువుల పెంట, కుళ్లిన కొబ్బరి మొద్దులు ఇందులో కలపొద్దు. ఎక్కడైనా పోగు ఉంటే తిరగేస్తూ ఉండండి. మెటారైజియం అనే బూజు మందు ఆ పురుగు మీద పనిచేస్తుంది. ఇంకోటి, వానల్లో నల్లగా కుళ్లే కాయలుంటాయి చూశారా, ఆ తెగులు కాయల్ని, వాటి డొక్కల్ని తోటలో ఉంచకండి. అవి బయటికి తీసి పాతిపెట్టాలి. కుళ్లంతా ఒకటి కాదు. మంచి కాయ డొక్క వేరు, తెగులు కాయ వేరు. చీకట్లో తోటలో అడుగేసేటప్పుడు టార్చీ మరిచిపోకండి, చెత్తలో దోమలే కాదు పాములూ ఉంటాయి.

ఫలితం అడుగుతారు. 2025లో పిందె పట్టింది. తోటంతా పట్టింది. ఎంతంటే నాకే భయమేసేంత. ఆ పిందెల్లో చాలా వేలెడు అయ్యేసరికి నల్లబడి చెట్టు మీదే ఎండిపోయాయి. మళ్లీ మందుల కొట్టుకి పరిగెత్తబోయి ఆగాను. అన్నీ తెగులు కాదు. తను మోయగలిగినన్నిటినే చెట్టు ఉంచుకుంటుంది, మిగతావాటిని ఎండగట్టేస్తుంది. ఎరువు, నీరు, కత్తిరింపు అప్పుడు పనికొస్తాయి. దోమ చేసేది కాయ పట్టించడం వరకే, దాన్ని పెంచడం మన వంతు. నిలిచిన కాయ మాత్రం నేను తోట చేతిలోకి తీసుకున్నాక ఎప్పుడూ చూడనంత. తీరా కాయ వచ్చేసరికి ధర దిగిపోయింది. అదీ మన జాతకం. కానీ 2024లో లాగా ఉత్తచేతుల్తో టీ కొట్టు దగ్గర కూర్చోలేదు. ఫీజు కోసం తెచ్చిన అప్పులో సగం తీరింది. అత్తకి కూలి పెంచాను. అది జీతం పెంచినట్టు కాదు, పాత బాకీ తీర్చినట్టు.

పోయిన కార్తీకంలో నాన్నగారిని బండి మీద ఎక్కించుకుని తెల్లవారుజామునే తోటకి తీసుకెళ్లాను. చెట్టు కింద కుర్చీ వేశాను. చెత్త మళ్లీ చెప్పు మునిగేంత ఉంది. అదే పులిసిన వాసన. దోమ సంగతి, అమెజాన్ సంగతి, ఆస్ట్రేలియా సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. మనసులో ఒకటే ఉంది. ఇవన్నీ ఆయనకి అప్పుడే తెలుసని, తెలిసే ఆ చెత్త అలా ఉంచారని, నేనే గుర్తించలేదని చెప్పి క్షమించమందామని.

"మీకు ముందే తెలుసు కదా నాన్నగారూ" అన్నాను.

ఆయన నవ్వారు. "నాకేం తెలుసురా అబ్బాయ్, నా మొహం. ఊడ్పించడానికి కూలి డబ్బులు లేక వదిలేశా."

మన పెద్దవాళ్లకి అన్నీ తెలుసు అని రాసుకుందామనుకున్న మాట అక్కడితో ఆగిపోయింది. ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. చూసింది అత్త ఒక్కతే. ఆవిణ్ణి అన్నేళ్లలో ఒక్కసారీ ఎవరూ అడగలేదు, నేనూ నాన్నగారూ అందరమూ కలిపి. అడిగుంటే ఆరేళ్ల పంట మిగిలేది.

"ఏదిరా ఆ దోమ, చూపించు" అన్నారు నాన్నగారు. కళ్లజోడు పెట్టుకుని పువ్వు దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశారు. కనబడలేదు. నాకూ రోజూ కనబడదు లెండి. భూతద్దం పట్టుకుని ఎన్నో పొద్దుటిళ్లు కూర్చుంటే రెండుసార్లు కనబడింది, కదిలే చుక్కలా. ఇంతలో ఆయన చెవి దగ్గర ఏదో నుసుము గుయ్యిమంది. అలవాటు కొద్దీ కొట్టబోయి చెయ్యెత్తారు. నా వైపు చూసి, మెల్లగా దించేశారు.

మీ తోటల్లో కాయ ఎక్కువ పట్టే చెట్లు ఎక్కడున్నాయో ఒకసారి తిరిగి చూడండి. పల్లంలోనా, పేడదిబ్బ పక్కనా, అరటి పక్కనా? మీ దగ్గర కాయ కోసేవాళ్లని అడిగి మరీ చూడండి. ఏం కనబడిందో కింద రాయండి. నాలాగా ఎవరైనా కోకో కొట్టించేద్దామని మిషను మాట్లాడుకునుంటే, బయానా పోయినా ఫర్వాలేదు, ముందు ఒక పువ్వు కోసి చూడండి.